ఎముకల వార్డులో నర్సు కన్ను

వేదికపైనున్న వైద్యులకు, సీనియర్ సిస్టర్లకు, నర్సింగు విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నర్సుల దినోత్సవం సందర్భంగా ఒడిశాలోని పర్లాకిమిడిలో, తెలుగులోనే మాట్లాడమని నిర్వాహకులు కోరినందుకు కృతజ్ఞతలు. ఎముకలు, కీళ్లు, వెన్నెముక జబ్బులతో వచ్చినవారికి నర్సు చేయవలసిన సేవను గురించి, ముఖ్యంగా మన గజపతి, రాయగడ, గంజాం జిల్లాల వార్డుల్లో మనం జాగ్రత్త పడవలసిన విషయాలను గురించి చెబుతాను.

విరిగిన ఎముకను సరిచేయడం శస్త్రవైద్యుని పని. అది గంటలోనో రెండు గంటల్లోనో ముగుస్తుంది. ఆ తర్వాత రోజుల తరబడి, వారాల తరబడి, ఆ ఎముక చుట్టూ ఉన్న కండరాన్ని, నరాన్ని, రక్తనాళాన్ని, చర్మాన్ని చెడిపోకుండా కాపాడవలసింది నర్సు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికినట్టు కనబడుతున్నా, వేళ్లు ముడుచుకుపోయి అన్నం కలుపుకోలేని చేతులను మనమందరం చూశాం. అక్కడ ఓడిపోయింది ఎముక కాదు.

ఈ సేవకు పునాది వేసినవారిలో ఆగ్నెస్ హంట్ పేరు ముందు చెప్పుకోవాలి. చిన్నతనంలోనే తుంటి కీలు చెడి, జీవితమంతా ఆ అవిటితనంతోనే గడిపిన ఆమె, నర్సుగా శిక్షణ పొంది, 1900లో ఇంగ్లండులోని బాస్‌చర్చ్ అనే పల్లెలో వికలాంగ బాలల కోసం ఒక ఆశ్రయం తెరిచారు. తర్వాతి కాలంలో లివర్‌పూల్ నుంచి పేరుమోసిన ఎముకల శస్త్రవైద్యుడు రాబర్ట్ జోన్స్ అక్కడికి వచ్చి ఆ పిల్లలకు ఆపరేషన్లు చేసేవారు. ముందు నర్సు ఉన్నారు, వైద్యుడు ఆమె దగ్గరికి వచ్చారు. ఈ వరస మన విద్యార్థులు గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ప్రాంతంలో చేయి విరిగిన పిల్లవాణ్ణి నేరుగా ఆసుపత్రికి తీసుకురావడం తక్కువ. ముందు ఊళ్లోని కట్టు వైద్యుని దగ్గరికి వెళతారు. ఆయన వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించి కడతాడు. విరిగినచోట వాపు రావడం సహజం. కట్టు బిగుతుగా ఉంటే ఆ వాపు బయటికి పోయే దారి లేక లోపలి కండరాన్నే నొక్కుతుంది. మన పిండికట్టు కింద కూడా ఇదే జరుగుతుంది కనుక తప్పంతా ఊరి వైద్యునిదే అనుకోకూడదు. కండరానికి రక్తం అందని స్థితి ఆరు గంటలు దాటితే నష్టం చాలావరకు శాశ్వతమవుతుంది. అలా వేళ్లు ముడుచుకుపోవడాన్ని జర్మన్ వైద్యుడు ఫోక్‌మన్ 1881లో వర్ణించారు.

కాబట్టి కట్టు వేసిన మొదటి రోజంతా గంటకోసారి పడక దగ్గరికి వెళ్లి చూడండి. వేలి గోరును నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. వేళ్లు చల్లబడ్డాయా, తిమ్మిరెక్కాయా అని తాకి, అడిగి తెలుసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. వంగి ఉన్న వేళ్లను మీరే నెమ్మదిగా చాపి చూడండి. అప్పుడు పిల్లవాడు ఒక్కసారిగా కేక పెడితే, ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తగ్గకపోతే, తెల్లవారేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టరును పిలవాలి. నాడి తగులుతోంది కదా అని ధైర్యపడవద్దు, నాడి పోయేది చివరిలో. డాక్టరు ఆదేశం ప్రకారం కట్టును, లోపలి దూదితో సహా, చర్మం కనబడేదాకా చీల్చాలి. చేతిని గుండెకు సమానమైన ఎత్తులో ఉంచాలి. వాపు తగ్గుతుందని దిండ్ల మీద పైకెత్తితే అందే కొద్దిపాటి రక్తమూ తగ్గుతుంది. ఏ గంటకు ఏమి చూశారో కేస్ షీటులో రాయండి. "పిల్లవాడు ఊరికే ఏడుస్తున్నాడు" అని రాయడం మాత్రం ఎప్పటికీ వద్దు. మన భాష తెలియని సవర గిరిజన పిల్లవాడైతే తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ద్వారా అడగండి.

కొండ ప్రాంతాల నుంచి వచ్చే కీళ్ల నొప్పుల్లో మరొకటి మరిచిపోకూడదు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాలకు అడ్డుపడే సికిల్ సెల్ జబ్బు మన జిల్లాల గిరిజన కుటుంబాలలో ఉంది. 2023 జులై 1న దీని నిర్మూలనకు జాతీయ మిషన్ ప్రారంభమైంది. రెండేళ్లలోపు బిడ్డకు రెండు చేతులు, పాదాలు ఒకేసారి వాచి నొప్పి పెడుతుంటే, దెబ్బ తగిలిందని పట్టీ వేసి పంపేయవద్దు. పదహారేళ్ల కుర్రవాడు తుంటి నొప్పితో కుంటుతూ వస్తే, రక్తం అందక తొడ ఎముక తల చెడిపోతోందేమోనని అనుమానించాలి. వాచిన కీలుకు ఐసు పెట్టడం మనకు అలవాటు, కాని ఈ జబ్బు ఉన్నవారికి చల్లదనం నొప్పిని రేపుతుంది. వారికి కావలసింది వెచ్చదనం, సరిపడా నీళ్లు, డాక్టరు రాసిన నొప్పి మందు వేళకు అందడం.

నొప్పి మందు అన్నాను కనుక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మాట కూడా చెప్పాలి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి మన దగ్గరికి వచ్చేవారిలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారు చాలామంది. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో కొనుక్కున్న డైక్లోఫెనాక్ మాత్రలు నెలల తరబడి మింగుతున్నామని మనం అడిగితేగాని చెప్పరు. ఆ మాత్ర ఇప్పటికే బలహీనపడిన మూత్రపిండాన్ని మరింత దెబ్బ తీస్తుంది. నొప్పి ఇంజెక్షన్ సిరంజిలోకి తీసుకునే ముందు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు చూడటానికి ఒక నిమిషం చాలు. రిపోర్టు లేకపోతే డాక్టరును అడగడానికి మొహమాటపడకండి.

తాటిచెట్టు, కొబ్బరిచెట్టు మీద నుంచి పడి, వెన్నుపూస విరిగి, నడుము కింద చచ్చుబడినవారికి వార్డు మొత్తం మీద మన చేతి పని ఎక్కువ. మెలిక పడకుండా దుంగను దొర్లించినట్టు ఒంటినంతా ఒకేసారి తిప్పాలి. ఒకరు తల పట్టుకుని మాట చెబితే మిగిలిన ముగ్గురూ కదలాలి. నైట్ డ్యూటీలో నలుగురు ఉండరు, నిజమే. అందుకే మొదటి రోజునే బంధువులకు ఆ పని నేర్పాలి. రెండు గంటలకోసారి తిప్పకపోతే పిరుదుల నడుమ, తుంటి మీద, మడమ మీద చర్మం ఎర్రబడి, నొక్కినా తెల్లబడకుండా ఉంటుంది. పడక పుండు అక్కడే మొదలవుతుంది. అలా ఎర్రబడినచోట పౌడరు రుద్దితే, మర్దన చేస్తే నష్టమే. గాయం ఛాతీ పైభాగంలోగానీ, మెడలోగానీ ఉన్నవారికి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమట, రక్తపోటు పెరుగుదల కనిపిస్తే, ముందు వారిని కూర్చోబెట్టి, మూత్రం గొట్టం మడత పడి మూత్రం లోపలే నిలిచిపోయిందేమో చూడండి.

వెన్నునొప్పితో వచ్చి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయంటే వెన్నెముక క్షయ కావచ్చు. మందులు కనీసం ఏడాది వాడాలి. నొప్పి పోయిందని నాలుగో నెలలో మానేసేవారిని ఆపగలిగేది తరచుగా నర్సు మాటే.

డిశ్చార్జి రోజు విషయం చాలామంది తేలికగా తీసుకుంటారు. తుంటికి కృత్రిమ కీలు వేసిన ముసలమ్మకు "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి పంపితే ఆమె ఇంటికి వెళ్లి ముక్కాలిపీట మీద కూర్చుంటుంది, మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుంటుంది. ఆ కీలు జారడానికి అది చాలు. ఇంట్లో కుర్చీ ఉందా, మంచం ఎంత ఎత్తు, మరుగుదొడ్డి ఎక్కడుంది అని ముందే కోడలిని అడగండి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించండి. సీటు మధ్య కోసిన ప్లాస్టిక్ కుర్చీ దొడ్డికి ఎలా పనికివస్తుందో వార్డులోనే చేసి చూపించండి. వాకరు పట్టుకుని నాలుగు అడుగులు వేయించి, కోడలి చేత కూడా పట్టించి, ఆ తర్వాతే డిశ్చార్జి కాగితం చేతికివ్వండి.