ముందు బల్లను చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా చెప్పినట్టే అనుకోండి. ఆయుధపూజ కదా, లోహాన్ని తిప్పుతూ కోసే లేత్‌కి బొట్టు పెట్టారు, నిమ్మకాయ కట్టారు, బాగుంది. దాని కాళ్ల కింద లెవెల్ చూసి ఎన్నాళ్లయింది?

పోయినేడాది టెక్సాస్‌లో మా బావమరిది ఇంటికెళ్లాను. వాడు రైఫిల్‌తో గురి సాధన చేస్తాడు, పేల్చిన తూటాల ఇత్తడి కేసుల్ని, అంటే ఖాళీ తొడుగుల్ని, సరిచేసి మళ్లీ వాడతాడు, అక్కడ అది మామూలే. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం, పిల్లలూ, వీడియోలు చూసి మొదలుపెట్టకండి. సరే, వాడు గ్యారేజీలో పల్చటి ప్లైవుడ్ మీద, కేసుని డై అనే అచ్చులోకి నొక్కే ప్రెస్ బిగించాడు. లివర్ నొక్కితే బల్లే వంగుతోంది. "బావా, ఒక్కో కేసు ఒక్కోలా వస్తోంది, డై పోయిందేమో" అన్నాడు. డై కాదురా, బల్ల అన్నాను.

రెండంగుళాల మందం చెక్క తెచ్చి, చెక్కకి అటునుంచి ఇటు దాకా బోల్టులేసి, గోడకి కట్టాం. కేసుని పైకి తోసే ర్యామ్‌ని పూర్తిగా పైకెత్తి, కేసు అడుగుని పట్టే షెల్ హోల్డర్‌కి తగిలేదాకా డై దింపి, ఇంకాస్త తిప్పి లాక్ చేశాం. కేసుకి పల్చగా లూబ్రికెంట్ రాయాలి, పొడిగా తోస్తే డైలో ఇరుక్కుంటుంది. డై నొక్కితే ఇత్తడి మెడవైపు సాగి పొడవు పెరుగుతుంది, అందుకే సైజింగ్, అంటే డైలో నొక్కి కొలతకి తేవడం, అయ్యాకే కోత. 308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటా కేసు 51.18 మిల్లీమీటర్లు దాటకూడదు, 50.93కి కోస్తారు. పావు మిల్లీమీటరు! దాటితే కేసు మూతి, తూటా కూర్చునే ఛాంబర్ చివర ఒత్తుకుని బుల్లెట్‌ని పట్టేస్తుంది, ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. కోశాక లోపలా బయటా బర్, అంటే అంచున మిగిలిన గరుకు, తీయాలి.

ఇత్తడి మొండిది కాదండీ, చాలా సున్నితం. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు పగిలిపోయేవి, గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియా వల్లని 1921లో తేల్చారు.

ఇత్తడి అంటే నాకు బాలానగర్ గుర్తొస్తుంది. చేరిన కొత్తలో మూడొందల ఇత్తడి బుష్‌లు, అంటే గొట్టంలాంటి ముక్కలు, లేత్ మీద తీశాను. వేడి మీద కొలిస్తే సరిగ్గా ఉన్నాయి, చల్లారాక తక్కువొచ్చాయి. యాభై మిల్లీమీటర్ల ఇత్తడి నలభై డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.04 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అది నాకెవరూ చెప్పలేదు. మొత్తం రిజెక్ట్, నెల జీతం కోత, తప్పు నాదేనని సంతకం కూడా. పీసుని చల్లబరిచే కూలెంట్ పంపు పనిచేయడం లేదని నేను రిజిస్టర్‌లో మూడుసార్లు రాశాను, మూడుసార్లు! ఆ పేజీ ఎవరూ తిప్పలేదు. ఇప్పటికీ ఇత్తడి రజను వాసనొస్తే ఆ సంతకమే కళ్లముందుకొస్తుంది.

యజమానులూ ఉన్నారిక్కడ. అయ్యా, కుర్రాడి పీసు తప్పొస్తే ముందు వాడి చెయ్యి చూడకండి, మెషీన్ పునాది చూడండి, పంపు చూడండి, ఆ రిజిస్టర్ తెరిచి చదవండి. స్పిరిట్ లెవెల్ నా సంచిలోనే ఉంది. ప్రసాదాలయ్యాక ఏ లేత్ దగ్గర మొదలుపెడదామో చెప్పండి.