కార్బన్ చక్రం కొనేముందు: రిమ్ లోతు కంటే ముందు చూడాల్సినవి

(హన్మకొండలో ఒక ఆదివారం ఉదయం సైకిల్ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, అక్కలకు, కొత్తగా రోడ్ బైక్ ఎక్కిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఈ మధ్య మనవాళ్లలో ఎవరిని కదిలించినా కార్బన్ చక్రాల ముచ్చటే. అందరూ అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: "అన్నా, 40 తీసుకోవాల్నా, 50 తీసుకోవాల్నా?" రిమ్ లోతు గురించి, అంటే రిమ్ టైరు అంచు నుంచి చక్రం మధ్య వైపు ఎన్ని మిల్లీమీటర్లు దిగి ఉందో అడుగుతున్నారన్నమాట. నేను చెప్పేది ఏమిటంటే, ఆ లెక్క చివర్లో తేల్చుకోండి. ముందు మూడు సంగతులు చూడాలి. ఆ రిమ్ మీద ఎంత వెడల్పు టైరు పడుతుంది? రిమ్ అంచుకు హుక్ ఉందా లేదా? రేపు ఒక స్పోకు తెగితే హైదరాబాద్ దాకా పోకుండా ఇక్కడే వేసుకోగలమా? ఈ మూడూ కుదిరిన చక్రం 40 అయినా 50 అయినా మీకు సుఖంగా నడుస్తుంది. ఇవి కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టినా అది గోడకు వేలాడుతుంది.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. సుమారు 35 నుంచి 50 మి.మీ. లోతున్న రిమ్ములను మిడ్ డెప్త్ అంటున్నాం. క్లించర్ అంటే రిమ్ రెండు అంచుల మధ్య టైరు బీడ్ (టైరు లోపలి గట్టి అంచు) కూర్చునే రకం, మనందరం వాడేదే. ట్యూబులర్ టైరును రిమ్‌కు జిగురుతో అంటించాలి. అది ఎక్కువగా ఒకప్పటి రేసులవాళ్ల సంగతి, ఇక్కడ వదిలేద్దాం.

ఇప్పుడు గాలి లెక్క. లోతైన రిమ్ గాలిని సులువుగా చీలుస్తుందన్న మాట మీదే చక్రాలు అమ్ముడవుతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. గాలిని చీల్చుకుని పోవడానికి కావాల్సిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. కంపెనీలు ఆదా లెక్కలు ఎక్కువగా గంటకు 45 కి.మీ. వేగం దగ్గర చూపిస్తాయి. మామూలు అల్యూమినియం చక్రంతో పోలిస్తే 10 వాట్లు మిగులుతాయని రాశారనుకుందాం. మనం జనగామ వైపు పోయేటప్పుడు 30లో పోతాం. 30 అంటే 45లో మూడింట రెండు వంతులు. దాని ఘనం 27లో 8 వంతులు. ఆ 10 వాట్లు మన వేగంలో 3 వాట్లవుతాయి.

మూడు వాట్లు అక్కరకు రావని నేను అనను. 200 కి.మీ. బ్రెవేకు (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ సవారీకి) 13 గంటల 30 నిమిషాల గడువు ఉంటుంది. అన్ని గంటలు తొక్కే మనిషికి ప్రతి వాటూ కలిసొస్తుంది. అయితే దాని పక్కనే ఇంకో సంగతి పెట్టి చూడండి. బైక్‌తో పాటు వచ్చిన మందపాటి టైర్లు తీసి మంచి మెత్తటి టైర్లు వేసుకుంటే రెండింటికీ కలిపి 10 వాట్లకు పైనే మిగులుతాయి, అదీ మన వేగంలోనే. అందుకే టైర్లు మార్చకుండా చక్రాలు కొనడానికి వచ్చినవాళ్లకు ముందు టైర్లు మార్చుకుని రమ్మనే చెబుతాను.

బరువు సంగతీ అంతే. బైక్‌తో వచ్చే అల్యూమినియం జత సుమారు 1,800 నుంచి 2,000 గ్రాములు ఉంటుంది, 45 మి.మీ. కార్బన్ జత 1,400 నుంచి 1,600 మధ్యలో. 400 గ్రాములు తగ్గాయనుకుందాం. మనిషీ బైకూ కలిసి 80 కిలోలైతే అది అర శాతం. 20 నిమిషాల ఎక్కుడులో 6 సెకన్లు మిగులుతాయి. మన చుట్టుపక్కల రోడ్ల మీద 20 నిమిషాలు ఆగకుండా ఎక్కే గుట్ట ఎక్కడుంది? ఇంకో 100 గ్రాములు తగ్గుతుందని సన్న రిమ్, తక్కువ స్పోకులున్న చక్రం జోలికి పోకండి.

ఇక మన రోడ్లు. నన్నడిగితే అసలు విషయం ఇదే.

యాసంగి కోతలప్పుడు, వానాకాలం పంట చేతికొచ్చినప్పుడు ములుగు వైపు, పరకాల వైపు, హుజూరాబాద్ వైపు తెల్లవారుజామున పోయినవాళ్లకు తెలుసు, రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. బండ్లు వడ్ల మీదికి రాకుండా అంచు పొడుగునా రాళ్లు పేరుస్తారు. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోసుకుంటాడు? ఆయన్ను తప్పుపట్టే పనే లేదు. వడ్లు ఎత్తుకుపోయాక ఒకటో రెండో రాళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. మసక చీకట్లో ముందు చక్రం ఆ రాయిని తగిలితే ఏమవుతుందో చూడండి. టైరు నొక్కుకుపోయి రిమ్ అంచు దాకా వస్తుంది. ట్యూబుకు పాము కాటులాగా పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. అల్యూమినియం అంచైతే సొట్ట పడుతుంది, బెండు తీసుకుని ఇంకో ఏడాది నడిపించవచ్చు. కార్బన్ వంగదు. పగులుతుంది, లేదంటే లోపల పొరలు విడిపోతాయి. పైకి వెంట్రుకంత గీత కనబడుతుంది, అంతే. ఆ గీతను చూసి "ఏం కాలేదులే" అనుకుని మళ్లీ గాలి కొట్టి నడిపించడం చాలా ప్రమాదం.

దీనికి మందు వెడల్పు టైరు, తక్కువ గాలి. 25 మి.మీ. టైరులో 100 పీఎస్ఐ కొట్టే రోజులు పోయాయి. లోపలి వెడల్పు 21 నుంచి 23 మి.మీ. ఉన్న రిమ్ తీసుకుని 28 లేదా 30 మి.మీ. టైరు వేయండి. 70 కిలోల మనిషికి 28 టైరులో 60 నుంచి 70 పీఎస్ఐ మధ్య సరిపోతుంది. వెనక చక్రంలో కొంచెం ఎక్కువ, ముందు కొంచెం తక్కువ. రాయి దెబ్బను రిమ్ కంటే ముందు టైరే మింగుతుంది, కంకర తేలిన రోడ్డు మీద చేతులకు తిమ్మిరి కూడా తగ్గుతుంది.

ఇక్కడ గాలి లెక్క మళ్లీ వస్తుంది. రిమ్ బయటి వెడల్పు టైరు వెడల్పు కంటే కనీసం 5 శాతం ఎక్కువ ఉండాలని ఒక పాత సూత్రం ఉంది. జిప్ చక్రాల కంపెనీలో పనిచేసిన జాష్ పోర్ట్‌నర్ చెప్పినదిగా అందరూ దాన్ని తలుచుకుంటారు. టైరు మీద నుంచి జారే గాలి రిమ్‌ను అంటిపెట్టుకుని పోవాలంటే టైరు రిమ్ కంటే ఉబ్బి ఉండకూడదు. 28 టైరుకు ఈ లెక్కన బయటి వెడల్పు 29.4 మి.మీ. రావాలి. సన్న రిమ్ మీద లావు టైరు వేస్తే లోతు కోసం పెట్టిన డబ్బులో కొంత గాలికే పోతుంది. ఇంకొకటి, వెడల్పు రిమ్ మీద 28 టైరు 29, 30 దాకా ఉబ్బుతుంది. కొనేముందు మీ ఫ్రేములో, ఫోర్కులో అంత చోటు ఉందో లేదో స్కేలు పెట్టి కొలవండి.

రెండోది హుక్. పళ్లెం అంచు లోపలికి మడిచినట్టు రిమ్ అంచు లోపలివైపు చిన్న మడత ఉంటుంది, టైరు బీడ్ దాని కింద ఇరుక్కుంటుంది. ఈ మడత లేకుండా నిటారు అంచుతో వచ్చేవి హుక్‌లెస్ రిమ్ములు. వాటికి ప్రమాణాల ప్రకారం 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటి గాలి కొట్టకూడదు. టైరు ట్యూబ్‌లెస్ రకమే అయి ఉండాలి, లోపల ట్యూబు వేసినా సరే. ఆ టైరు ఆ రిమ్‌కు సరిపోతుందని కంపెనీ జాబితాలో ఉండాలి.

హుక్‌లెస్ చెడ్డదని నేను చెప్పడం లేదు, పద్ధతి ప్రకారం వాడేవాళ్లు వాడుతున్నారు. నా దిగులు వేరు. ఏటూరునాగారం అడవి దాటుతుండగా టైరు పక్కగోడ చిరిగిందనుకోండి. తోటివాళ్ల దగ్గరో, దగ్గరి ఊరి దుకాణంలోనో ఏదో ఒక 700సీ (రోడ్ బైక్ చక్రాల మామూలు కొలత) టైరు దొరికితే అదే భాగ్యం. హుక్ ఉన్న రిమ్ మీద, వెడల్పు కుదిరితే, ఆ మామూలు క్లించర్ టైరు వేసుకుని ఇంటికి రావచ్చు. హుక్‌లెస్ మీద వేయకూడదు, గాలి ఎక్కాక ఊడి రావచ్చు. పైగా మన చేతి పంపుల మీటర్లు ఎంత నిజం చెబుతాయో మీకు తెలుసు. 85, 90 కిలోల బరువున్న అన్నలు 80 పీఎస్ఐ కోరుకుంటారు, వాళ్లకు ఆ హద్దు అస్సలు చాలదు. కాబట్టి మన దగ్గర వాడకానికి హుక్ ఉన్నదే తీసుకోండి. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా పట్టుబడతాను.

ట్యూబా, ట్యూబ్‌లెస్సా అన్నది మీ ఇష్టం. చెరువు గట్ల వెంట తుమ్మ ముళ్లు, సర్కారు తుమ్మ ముళ్లు ఎట్లా దిగుతాయో చెప్పనక్కర్లేదు. సీలెంట్ పోస్తే ఆ సన్న బెజ్జాలు నడుస్తుండగానే మూసుకుంటాయి. కానీ మన మే నెల ఎండకు సీలెంట్ తొందరగా ఆరిపోతుంది, వాల్వ్ విప్పి తరచూ చూసుకోవాలి. ట్యూబు వాడితే వాల్వ్ పొడుగు మర్చిపోవద్దు. 45 రిమ్‌కు కనీసం 60 మి.మీ. వాల్వ్ కావాలి. మామూలు ట్యూబు వాల్వ్ రిమ్ లోపలే ఉండిపోతుంది. దారిలో ఎవరో మోటార్ సైకిల్ రకం వాల్వ్ ట్యూబు ఇచ్చారని కార్బన్ రిమ్‌కు బెజ్జం పెద్దది చేయడం మాత్రం వద్దే వద్దు.

రిమ్ బ్రేక్ బండ్లు, అంటే ప్యాడ్లు రిమ్ పక్కలనే పట్టుకుని ఆపే బండ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. అందరూ డిస్క్‌కు మారుతుండటంతో పాత రిమ్ బ్రేక్ కార్బన్ చక్రాలు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయి. అల్యూమినియం వేడిని పంచేసుకుంటుంది, కార్బన్ పంచుకోలేదు. దిగుడులో బ్రేకు పట్టుకునే ఉంటే ఆ వేడంతా ఒకచోటే నిలిచి లోపలి రెసిన్ (కార్బన్ పోగులను పట్టి ఉంచే జిగురు) మెత్తబడుతుంది, టైరులో గాలి అంచును బయటికి నెడుతుంది. వరంగల్ చుట్టూ అంత దిగుడు లేదు నిజమే. కానీ మనవాళ్లు శ్రీశైలం ఘాట్‌కు, అరకుకు కూడా పోతారు కదా. వానలో కార్బన్ మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది కూడా. రిమ్ బ్రేక్ బండికి మంచి అల్యూమినియం చక్రమే మేలని నా నమ్మకం. ఇప్పటికే కార్బన్ ఉంటే దానికోసం చేసిన ప్యాడ్లే వాడండి, లాటెక్స్ ట్యూబు వేయకండి. అల్యూమినియం మీద అరిగిన ప్యాడ్లలో లోహపు రజను ఇరుక్కుని ఉంటుంది, వాటిని కార్బన్ మీదికి తేవద్దు.

మూడోది స్పోకులు, హబ్ (చక్రం మధ్యలో తిరిగే భాగం). మన చౌరస్తాల్లో చెవితో విని, వేలితో తాకి చక్రం బెండు తీసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల చెయ్యి పనికొచ్చేలా చక్రం ఎంచుకోవాలి. తల దగ్గర వంపు ఉన్న స్పోకులు, ఒక్కో చక్రానికి 24, నిపుల్స్ (స్పోకును రిమ్‌కు బిగించే చిన్న నట్లు) రిమ్ బయట కనబడేవి, ఇత్తడివైతే ఇంకా మంచిది. కొన్ని చక్రాలకు నిపుల్స్ రిమ్ లోపల దాగి ఉంటాయి. చూపుకు బాగుంటాయి, గాలికీ కొంచెం మేలు. కానీ ఒక్క స్పోకు బిగించాలంటే టైరు, టేపు అన్నీ విప్పాలి. ఆర్డర్ పెట్టేటప్పుడే ప్రతి కొలతలో రెండేసి స్పోకులు, నిపుల్స్ అదనంగా పంపమని అడగండి. వెనక చక్రంలో రెండు వైపులా స్పోకు పొడుగు వేరువేరుగా ఉంటుంది, అది రాసి పెట్టుకోండి. హబ్‌లో బేరింగ్ నంబరు 6902 లాంటి మామూలుదైతే ఊళ్లో బేరింగ్ షాపులోనే దొరుకుతుంది. ఆ కంపెనీకి మాత్రమే ఉండే కొలతైతే పార్సిల్ కోసం చూస్తూ కూర్చోవాలి. ఫ్రీ హబ్ (వెనక గేర్ల పళ్ల చక్రాలు ఎక్కే భాగం) మీ గేర్లకు సరిపోవాలి, యాక్సిల్ ముందు 12×100, వెనక 12×142 అవునో కాదో చూడాలి. ఇవి ఒకసారి చూసుకుంటే అయిపోయే పనులు.

ఇప్పుడు లోతు. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ బండలు మోసుకుపోయే లారీ దాటేటప్పుడు దాని గాలి మనల్ని ముందు బయటికి తోస్తుంది, వెంటనే లోపలికి లాగుతుంది. ఆ లాగుడు హ్యాండిల్‌కు తెలిసేది ముందు చక్రం లోతును బట్టే. పాత సన్న వీ ఆకారపు రిమ్ములు గాలిని ఒక్కసారిగా పట్టి తిప్పేవి, ఇప్పటి గుండ్రటి వెడల్పు రిమ్ములు చాలా నయం. అయినా 60 కిలోల లోపున్నవాళ్లు ముందు 35 నుంచి 40 దగ్గర ఆగండి. బరువున్నవాళ్లు 45, 50 తీసుకోవచ్చు. వెనక చక్రం హ్యాండిల్‌ను తిప్పదు, అక్కడ 50 ఉన్నా ఇబ్బంది లేదు. కంపెనీ చెప్పిన బరువు హద్దులో మీ బరువుతో పాటు బైకు, బ్యాగులు, నీళ్లు కూడా కలుస్తాయేమో చదువుకోండి.

బయటి దేశం నుంచి నేరుగా తెప్పించేవాళ్లు కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి. పగిలిన రిమ్ వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో ముందే రాతపూర్వకంగా అడగండి. దెబ్బ తగిలి పగిలితే సగం ధరకు కొత్త రిమ్ ఇచ్చే పథకం ఉంటే నేను దానికి 100 గ్రాముల కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక్కడ బల్ల మీద రెండు చక్రాలు పెట్టాను, ఒకటి కొత్తది, ఒకటి రాయి దెబ్బ తిన్నది. చేతికి తీసుకుని చూడండి. ముందు కొత్తదాని హుక్ వెంట గోరు పెట్టి చుట్టూ తిప్పండి, ఎక్కడా గరుకు తగలకూడదు. స్పోకులను ఒక్కొక్కటే వేలితో మీటండి, ఒకే వైపున్నవన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. తర్వాత రెండోదాని రిమ్ మీద రూపాయి బిళ్లతో మెల్లగా కొట్టుకుంటూ రండి. వాల్వ్‌కు ఎదురుగా వచ్చేసరికి టకటక మనే చప్పుడు ఒక్కసారిగా మొద్దుబారుతుంది. అక్కడ వెలుగులో వంచి చూస్తే గీత కనిపిస్తుంది. పార్సిల్ వచ్చిన రోజు టైరు ఎక్కించకముందే ఇదంతా చేసి, ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి.