డాట్ నెట్‌కూ పాత డీఎల్ఎల్‌కూ నడుమ: ఒక కాటా గది అనుభవం

సభకు నమస్కారం.

రుషికొండ మీది కార్యాలయాల నుంచి పని ముగించుకుని నేరుగా వచ్చిన మిత్రులకూ, పరీక్షల రోజులైనా ఓపిక చేసుకుని వచ్చిన విద్యార్థులకూ ముందుగా నా కృతజ్ఞతలు. మన కళాశాలల్లో పెద్దగా చెప్పని, ఉద్యోగంలో చేరాక మాత్రం చాలామందికి ఎదురయ్యే ఒక విషయం గురించి ఈ పూట మాట్లాడదలచుకున్నాను. సీ షార్ప్‌లో కొత్తగా రాసిన ప్రోగ్రాం, ఎప్పుడో విజువల్ బేసిక్ 6లోనో సీ భాషలోనో రాసిన పాత కాంపొనెంట్‌ను, అంటే ముందే సిద్ధంగా ఉన్న కోడ్ భాగాన్ని, పిలుస్తుంది. విడివిడిగా పరీక్షిస్తే రెండూ సరిగానే పనిచేస్తాయి. కలిపి నడిపితే ఒకసారి ఆగిపోతుంది, ఒకసారి తప్పుడు అంకె చూపిస్తుంది, ఒకసారి ఏ సందేశమూ లేకుండా తెర మీంచి మాయమవుతుంది.

విశాఖ వంటి ఊళ్లో ఈ అవసరం ఎక్కువ. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, వాటిని ఆనుకుని బతికే చిన్న యూనిట్లు – వీటిలో ఒకసారి కొన్న యంత్రం ఇరవై ఏళ్లు పనిచేస్తుంది, దానితో వచ్చిన డీఎల్ఎల్ (ఇతర ప్రోగ్రాంలు పిలుచుకునే కోడ్ ఉన్న ఫైలు) కూడా అన్నేళ్లూ పనిచేయక తప్పదు. దాన్ని రాసినవారు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు, సోర్స్ కోడ్ దొరకదు. మన చేతికి వచ్చేది ఒక ఫైలూ, నాలుగు పేజీల మాన్యువలూ మాత్రమే.

మైక్రోసాఫ్ట్ కామ్ అనే కాంపొనెంట్ పద్ధతిని 1993లో తెచ్చింది. సీ షార్ప్ ప్రోగ్రాంలను నడిపే డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ మొదటి వెర్షన్ 2002 ఫిబ్రవరిలో వచ్చింది. ఈ రెండూ ఆబ్జెక్ట్ అనే మాటనే వాడతాయి గానీ, ఆబ్జెక్ట్ ఎప్పటిదాకా బతకాలన్న ప్రశ్నకు చెరొక లెక్క పాటిస్తాయి. కామ్‌లో ప్రతి ఆబ్జెక్ట్‌కూ ఐఅన్‌నోన్ అనే ఇంటర్‌ఫేస్ ఉంటుంది; అందులో క్వెరీఇంటర్‌ఫేస్, యాడ్‌రెఫ్, రిలీజ్ అనే మూడు మెథడ్లు ఉంటాయి. వాడుకునేవాడు తీసుకున్నప్పుడు యాడ్‌రెఫ్ అనాలి, వదిలేటప్పుడు రిలీజ్ అనాలి. లెక్క సున్నాకు రాగానే ఆబ్జెక్ట్ తనంతట తానే తొలగిపోతుంది. డాట్ నెట్‌లో అలా చెప్పవలసిన పని లేదు. ఎవరూ వాడని ఆబ్జెక్ట్‌లను గార్బేజ్ కలెక్టర్ తనకు అవసరమనిపించినప్పుడు ఏరివేస్తుంది, ఆ సమయం మన చేతిలో ఉండదు. ఈ రెండు పద్ధతుల మధ్య రన్‌టైమ్ (డాట్ నెట్ ప్రోగ్రాంను నడిపించే యంత్రాంగం) ఒక తొడుగు పెడుతుంది. డాట్ నెట్ నుంచి కామ్‌ను పిలిచేటప్పుడు అది ఆర్‌సీడబ్ల్యూ (రన్‌టైమ్ కాలబుల్ రాపర్), కామ్ నుంచి డాట్ నెట్‌ను పిలిచేటప్పుడు సీసీడబ్ల్యూ (కామ్ కాలబుల్ రాపర్). డాల్ఫిన్స్ నోస్ పక్కగా కాలువలోకి ఓడ వచ్చేటప్పుడు దాని మీదికి మన రేవు పైలట్ ఎక్కడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఓడ భాషా, కాలువ లోతూ రెండూ తెలిసిన మనిషి ఆయన. ఈ తొడుగు చేసేదీ అటువంటి పనే. అయితే దానికి మనం ఇచ్చిన వివరాలే తప్పయితే అది ఓడను నేరుగా గట్టుకే నడిపిస్తుంది.

ఇక నేను నేర్చుకున్న చోటికి వస్తాను. గాజువాక వైపు ఒక యూనిట్‌లో లారీలు తూచే కాటాకు పాత సాఫ్ట్‌వేర్ స్థానంలో సీ షార్ప్ ప్రోగ్రాం రాసే పని మా బృందానికి వచ్చింది. బరువు చూపించే ఇండికేటర్‌తో పాటు దాని తయారీదారు రెండు డీఎల్ఎల్‌లు ఇచ్చారు. సెట్టింగుల కోసం విజువల్ బేసిక్ 6లో చేసిన కామ్ కాంపొనెంట్ ఒకటి, సీరియల్ పోర్టు నుంచి బరువు చదవడానికి సీ భాషలో రాసినది మరొకటి. మా కార్యాలయంలో అంతా సవ్యంగా నడిచింది. కాటా గదిలోని కొత్త కంప్యూటర్‌లో మొదటి క్లిక్‌కే 80040154 అనే ఎర్రర్ వచ్చింది. క్లాస్ రిజిస్టర్ కాలేదని దాని అర్థం.

రెగ్‌ఎస్‌వీఆర్32 అనే విండోస్ సాధనంతో మళ్లీ రిజిస్టర్ చేశాం, విజయవంతమైందని చెప్పింది. మళ్లీ నడిపాం, మళ్లీ అదే ఎర్రర్. ఇలా నాలుగుసార్లు చేసిన తరువాత గానీ ఎర్రర్ నిజమే చెబుతోందని, మేమే దాన్ని సగం చదివామని తోచలేదు. క్లాస్ రిజిస్టర్ కాలేదంటే, ఈ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) వెతికే చోట రిజిస్టర్ కాలేదని అర్థం. 64 బిట్ విండోస్‌లో, ఈ వివరాలు దాచే రిజిస్ట్రీకి రెండు ముఖాలు ఉంటాయి. 32 బిట్ కాంపొనెంట్ల వివరాలు వావ్6432నోడ్ అనే శాఖ కింద చేరతాయి, 64 బిట్ ప్రాసెస్ అక్కడ చూడదు. చూసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే 64 బిట్ ప్రాసెస్ తనలోకి 32 బిట్ డీఎల్ఎల్‌ను ఎక్కించుకోలేదు. మా ప్రోగ్రాంను ఎనీ సీపీయూగా, అంటే యంత్రాన్ని బట్టి 32 లేదా 64 బిట్‌గా నడిచేలా, బిల్డ్ చేశాం. విజువల్ స్టూడియో 2012 నుంచి కొత్త డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ ప్రోగ్రాం ప్రాజెక్టుల్లో ప్రిఫర్ 32 బిట్ అనే గడికి ముందే టిక్ పెట్టి ఉంటుంది. మేము కార్యాలయంలో నడిపిన డీబగ్ బిల్డ్‌లో ఆ టిక్ ఉంది, కాటా గదికి ఇచ్చిన రిలీజ్ బిల్డ్‌లో ఎవరో తీసేశారు. తేడా అంతే. ప్రోగ్రాం తాకే ఫైళ్లనూ రిజిస్ట్రీనీ చూపించే ప్రాసెస్ మానిటర్‌లో మా ప్రోగ్రాం పేరుతో వడపోసి, నేమ్ నాట్ ఫౌండ్ అన్న పంక్తులు మాత్రం చూస్తే, అది రిజిస్ట్రీలో ఏ దారిలో వెళ్లి ఏ క్లాస్ ఐడీ దగ్గర ఉత్త చేతులతో తిరిగి వచ్చిందో ఐదు నిమిషాల్లో తేలిపోయింది. ప్లాట్‌ఫాం టార్గెట్‌ను ఎక్స్86కు, అంటే 32 బిట్‌కు, మార్చాం. ప్రోగ్రాం తప్పనిసరిగా 64 బిట్‌లోనే ఉండవలసి వస్తే, పాత కాంపొనెంట్‌ను వేరే 32 బిట్ ప్రాసెస్‌లో ఉంచి మాట్లాడించడం ఒక్కటే మార్గం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 64 బిట్ విండోస్‌లో సిస్టం32 అనే ఫోల్డర్‌లో 64 బిట్ ఫైళ్లూ, సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో 32 బిట్ ఫైళ్లూ ఉంటాయి. పేర్లు చూసి తారుమారుగా అర్థం చేసుకుని డీఎల్ఎల్‌ను తప్పు ఫోల్డర్‌లో పెట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను. పేరును నమ్మకండి, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఏ దారి నుంచి ఏ ఫైలు లోడ్ అయిందో కళ్లారా చూడండి.

రెండో లోపం ఇంతకంటె ప్రమాదకరమైనది, ఎందుకంటే దానికి ఎర్రర్ సందేశమే లేదు. కాటా మీద ఇరవై టన్నుల లారీ నిలబడి ఉంది. ఇండికేటర్ మీద 20000 అని ఎర్రగా వెలుగుతోంది. మా తెర మీద బరువు సున్నా. దాని పక్కన బరువు స్థిరపడిందని తెలిపే ఆకుపచ్చ దీపం మాత్రం, లారీ ఇంకా కాటా మీదికి ఎక్కుతుండగానే వెలిగింది. డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి చీటీ కోసం చేయి చాచాడు. ఆ క్షణంలో నాకు కలిగిన భయం ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అక్కడ తప్పుడు అంకె అంటే ఒకరి డబ్బు.

కారణం చిన్నది. సీ భాషలోని స్ట్రక్చర్‌లో (కలిపి పంపే విలువల కట్టలో) మొదట 1 బైట్ జెండా (బరువు స్థిరపడిందా లేదా అని చెప్పేది), వెంటనే 4 బైట్ల బరువు, మధ్యలో ఖాళీ లేకుండా మొత్తం 5 బైట్లు ఉన్నాయి. మేము సీ షార్ప్‌లో ఒక బూల్, ఒక ఇంట్ అని రాసి ఊరుకున్నాం. డాట్ నెట్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే పద్ధతి అయిన పీ ఇన్‌వోక్‌లో బూల్‌కు ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే రన్‌టైమ్ దాన్ని 4 బైట్లుగా తీసుకుంటుంది, కాబట్టి మన లెక్కలో స్ట్రక్చర్ 8 బైట్లు. డీఎల్ఎల్ రాసిన మొదటి 4 బైట్లలో జెండాతో పాటు బరువులోని మూడు కింది బైట్లు కూడా ఉన్నాయి. కాటా మీద ఏ కొంచెం బరువున్నా ఆ నాలుగు బైట్లు కలిసి సున్నా కావు, కాబట్టి జెండా ఎప్పుడూ నిజమే అయింది. బరువు కోసం మేము చదివిన చోట మిగిలింది అసలు బరువులోని పై బైట్ ఒక్కటే. లారీ బరువులకు అది ఎప్పుడూ సున్నా. స్ట్రక్చర్‌కు ప్యాక్ 1 అనీ, జెండాకు మార్షల్‌యాజ్ కింద యూ1 అనీ రాయగానే రెండూ సరిపోయాయి. అప్పటి నుంచి ప్రతి స్ట్రక్చర్‌కూ మార్షల్.సైజ్‌ఆఫ్ ఇచ్చే విలువనూ, సీ వైపు సైజ్‌ఆఫ్ విలువనూ పక్కపక్కన పెట్టి చూడకుండా నేను ముందుకు వెళ్లలేదు. ఇటువంటి వెడల్పు తేడాలు ఇంకా ఉన్నాయి. విజువల్ బేసిక్ 6లో లాంగ్ అంటే 4 బైట్లు, సీ షార్ప్‌లో లాంగ్ అంటే 8. కామ్ మెథడ్లకు పంపే బూలియన్ 2 బైట్లు, అక్కడ నిజం అంటే మైనస్ 1. పేరు ఒకటే కదా అని టైపు కూడా ఒకటే అనుకోకూడదు.

మూడో లోపం మమ్మల్ని రెండు వారాలు తిప్పింది. ప్రోగ్రాం కొన్ని రోజులు సాయంత్రం దాకా నడిచేది, కొన్ని రోజులు గంటకే కుప్పకూలేది. ఎండ వల్ల అని ఒకరు, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అని మరొకరు అన్నారు. కాటా ఆపరేటర్ మాత్రం, లారీలు ఎక్కువగా వచ్చిన రోజే పోతోంది సార్, అన్నాడు. ఆ మాటే మాకు తాళంచెవి అయింది. బరువు స్థిరపడినప్పుడు తిరిగి పిలవమని మేము డీఎల్ఎల్‌కు ఒక డెలిగేట్ (మా మెథడ్‌ను సూచించే ఆబ్జెక్ట్) ఇచ్చాం. దాన్ని ఫంక్షన్‌కు పంపిన తరువాత మా వైపు ఏ వేరియబుల్‌లోనూ దాచలేదు. సీ భాషలోని డీఎల్ఎల్ ఆ చిరునామాను పట్టుకుని ఉందన్న సంగతి గార్బేజ్ కలెక్టర్‌కు తెలియదు. దాని దృష్టిలో ఆ డెలిగేట్ అక్కరలేనిది, అందుకే ఏరివేసింది. లారీలు ఎక్కువైతే చీటీలు ఎక్కువ, చీటీలు ఎక్కువైతే కొత్త ఆబ్జెక్ట్‌లు ఎక్కువ, వాటితో పాటు గార్బేజ్ కలెక్షన్ కూడా తరచుగా జరుగుతుంది. దీన్ని రుజువు చేయడానికి పరీక్ష బిల్డ్‌లో ఒక టైమర్ పెట్టి గార్బేజ్ కలెక్షన్‌ను బలవంతంగా జరిపించే జీసీ.కలెక్ట్‌ను సెకనుకొకసారి పిలిచాం. గంటల తరబడి ఎదురుచూసిన లోపం మొదటి నిమిషంలోనే కనిపించింది. డెలిగేట్‌ను క్లాస్‌లో ఒక ఫీల్డ్‌గా దాచి, డీఎల్ఎల్‌ను మూసేవరకు వదలకుండా ఉంచడమే పరిష్కారం. పిలిచిన వెంటనే జీసీ.కీప్అలైవ్ అని రాస్తే చాలదు. అది ఆ పంక్తి వరకే కాపాడుతుంది, డీఎల్ఎల్ తిరిగి పిలిచేది ఆ తరువాత ఎప్పుడో.

జీసీ.కలెక్ట్‌ను ఇక్కడ రోగం బయటపెట్టే పరీక్షగా వాడాం, మందుగా కాదు. ఈ తేడా గుర్తించకుండా, కామ్ అన్న మాట వినగానే ప్రోగ్రాం నిండా జీసీ.కలెక్ట్‌నూ, కామ్ ఆబ్జెక్ట్‌ను వెంటనే వదిలించే మార్షల్.రిలీజ్‌కామ్ఆబ్జెక్ట్‌నూ చల్లడం నేను తరచూ చూస్తుంటాను. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. రోజు చివర ఎక్సెల్ నివేదిక తయారుచేసి ఎక్సెల్‌ను మూసినా, టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రాసెస్ అలాగే మిగిలిపోవడం మీకూ అనుభవమే అయి ఉంటుంది. ఎక్సెల్.వర్క్‌బుక్స్.ఓపెన్ అని రెండు చుక్కలతో రాసినప్పుడు మధ్యలోని వర్క్‌బుక్స్‌కు కూడా ఒక ఆర్‌సీడబ్ల్యూ పుడుతుంది. దానికి మన దగ్గర పేరు లేదు, కాబట్టి విడిగా వదలలేం. ఆ పని మొత్తాన్ని వేరే మెథడ్‌లో పెట్టి, ఆ మెథడ్ ముగిసి తిరిగి వచ్చాక బయట నుంచి జీసీ.కలెక్ట్, వెయిట్‌ఫర్‌పెండింగ్‌ఫైనలైజర్స్ పిలవడం నాకు నచ్చిన పద్ధతి. అదే మెథడ్‌లో పిలిస్తే డీబగ్ బిల్డ్‌లో పనిచేయదు, ఎందుకంటే అక్కడ లోకల్ వేరియబుళ్లు మెథడ్ ముగిసేదాకా బతికే ఉంటాయి. రిలీజ్‌కామ్ఆబ్జెక్ట్ విషయంలో నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. ఒక కామ్ ఆబ్జెక్ట్‌కు సాధారణంగా ఒకే ఆర్‌సీడబ్ల్యూ ఉంటుంది, దాన్ని ప్రోగ్రాంలోని పలు భాగాలు పంచుకుంటాయి. ఒక భాగం తొందరపడి వదిలేస్తే, మరో భాగానికి ఆర్‌సీడబ్ల్యూ నుంచి వేరుపడిన ఆబ్జెక్ట్‌ను వాడలేవన్న ఎక్సెప్షన్ ఎదురవుతుంది. మీరు సృష్టించి, మీరొక్కరే వాడుకుని, ఎవరికీ ఇవ్వని ఆబ్జెక్ట్‌ను మాత్రమే అలా వదలండి. ఇక నివేదిక కోసమే అయితే ఎక్సెల్‌ను తెరవకుండా ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైలును నేరుగా రాయడం అన్ని విధాలా మేలు.

థ్రెడ్ల (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనుల) గురించి క్లుప్తంగా చెబుతాను. విజువల్ బేసిక్ 6 కాంపొనెంట్లు ఎస్‌టీఏ అనే ఏకథ్రెడ్ పద్ధతిలో బతుకుతాయి, డాట్ నెట్ థ్రెడ్‌పూల్ థ్రెడ్లేమో ఎంటీఏ అనే బహుథ్రెడ్ పద్ధతిలో. అక్కడి నుంచి పిలిస్తే ఆ పిలుపు ఆబ్జెక్ట్ పుట్టిన థ్రెడ్‌కే చేరాలి. ఆ థ్రెడ్ మరేదో పనిలో పడి సందేశాలు చూడకపోతే రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. ఇంకో ముఖ్య విషయం, 80004002 (ఇంటర్‌ఫేస్ దొరకలేదు) ఎర్రర్ వచ్చినప్పుడు ఆ క్లాస్‌లో ఆ ఇంటర్‌ఫేస్ లేదని మాన్యువల్ తిరగేయకండి. ఒక థ్రెడ్ నుంచి మరొక థ్రెడ్‌కు ఆ ఇంటర్‌ఫేస్‌ను మోసుకెళ్లే ప్రాక్సీ రిజిస్టర్ కాకపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది.

మీరే డాట్ నెట్‌లో కాంపొనెంట్ రాసి పాత ప్రోగ్రాంకు ఇవ్వవలసి వస్తే, ఇంటర్‌ఫేస్ అనే మాటను పాఠ్యపుస్తకంలో చదివినదానికంటె గట్టిగా పట్టుకోవాలి. కామ్ క్లయింట్ చాలాసార్లు మెథడ్‌ను పేరుతో పిలవదు, పట్టికలో దాని వరుస సంఖ్యతో పిలుస్తుంది. నాలుగో చోట చీటీ ముద్రించే మెథడ్ ఉందనుకుందాం. వచ్చే నెల మీరు దానికి ముందు చీటీ రద్దుచేసే మెథడ్‌ను చేర్చారు. పాత క్లయింట్ ముద్రించమని నాలుగో చోటును పిలుస్తుంది, చీటీ రద్దవుతుంది. కంపైలర్ హెచ్చరించదు, ఎర్రర్ కూడా రాకపోవచ్చు. కాబట్టి క్లాస్‌ఇంటర్‌ఫేస్‌టైప్‌ను, క్లాస్ నుంచి ఇంటర్‌ఫేస్‌ను దానంతట అదే తయారుచేసే ఆటోడ్యూయల్ అని ఉంచకండి. నన్ అని పెట్టి, ఇంటర్‌ఫేస్‌ను విడిగా రాసి, దానికి మీరే జీయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. ఒకసారి బయటికి ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌ను ముట్టుకోకుండా, కొత్త అవసరానికి కొత్త ఇంటర్‌ఫేస్ చేర్చండి.

ఎర్రర్లను పట్టుకునే ట్రై క్యాచ్ పెట్టాం కదా అని ధీమాగా ఉండే మిత్రులకు ఒక హెచ్చరిక. డీఎల్ఎల్ మెమరీని పాడుచేసినప్పుడు వచ్చే యాక్సెస్ వయొలేషన్‌ను డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4 నుంచి మామూలు క్యాచ్ పట్టుకోదు, ఆ తరువాత వచ్చిన డాట్ నెట్ కోర్‌లో అసలు పట్టుకోలేం. అది సబబే, ఎందుకంటే పాడైన మెమరీతో లారీ తూచడం కంటె ఆగిపోవడం నయం. అటువంటప్పుడు ప్రాక్‌డంప్‌తో డంప్ (ఆ క్షణపు మెమరీ నకలు) తీసి, విన్‌డీబీజీ అనే డీబగ్గర్‌లో డాట్ నెట్ వివరాలు చూపించే ఎస్‌ఓఎస్ ఎక్కించుకుని, మేనేజ్డ్ (డాట్ నెట్ వైపు) స్టాక్‌నూ నేటివ్ (పాత డీఎల్ఎల్ వైపు) స్టాక్‌నూ కలిపి చదవాలి. విజువల్ స్టూడియోలోనైతే నేటివ్ కోడ్ డీబగ్గింగ్‌కు టిక్ పెట్టకపోతే మీకు సరిహద్దుకు ఇవతలి సగమే కనిపిస్తుంది.

కాటా ప్రోగ్రాం తెరుచుకోగానే లాగ్ ఫైలులో మూడు పంక్తులు రాసేలా చివరికి ఏర్పాటు చేశాం. ప్రాసెస్ 32 బిట్టా 64 బిట్టా, డీఎల్ఎల్ ఏ ఫోల్డర్ నుంచి ఏ వెర్షన్ లోడ్ అయింది, స్ట్రక్చర్ ఎన్ని బైట్లు. ఏడాది తరువాత ఆ యూనిట్‌లో కంప్యూటర్ మార్చారు, మళ్లీ బరువు రాలేదు. ఆపరేటర్ ఫోన్‌లో ఆ మూడు పంక్తులూ చదివాడు. రెండో పంక్తిలో ఉన్నది పాత బ్యాకప్ ఫోల్డర్. మేము కార్యాలయం నుంచి కదలకుండానే, టీ పూర్తయ్యేలోగా కాటా మళ్లీ నడిచింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.