సాలీడుకి నవ్వినోళ్ళు మొకాటాకి ఎందుకు నవ్వలేదు

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినబడుతోందా? సరే. పాత హారర్ సినిమాలు, అందులోనూ సైతాను పూజ మీద వచ్చినవి, వాటి గురించి చూసినోళ్ళు ఏమనుకుంటారో మాట్లాడమన్నారు, అన్నీ ముట్టుకుంటే ఒక్కటీ సరిగ్గా చెప్పలేను కాబట్టి ఒకే ఒక్క సినిమా పట్టుకుంటాను. ద డెవిల్ రైడ్స్ అవుట్, 1968, ఇంగ్లండ్‌లో హామర్ కంపెనీ తీసింది, డైరెక్టర్ టెరెన్స్ ఫిషర్. అమెరికాలో మాత్రం ఈ పేరు పెడితే జనం కౌబాయ్ సినిమా అనుకుంటారని భయపడి ద డెవిల్స్ బ్రైడ్ అని మార్చి వదిలారు.

చూడనోళ్ళ కోసం కథ గబగబా చెప్పేస్తా. 1929 ఇంగ్లండ్. డ్యూక్ ద రిష్లో అని ఒక పెద్దమనిషి, ఆయన ఫ్రెండ్ రెక్స్, వీళ్ళిద్దరూ తమ స్నేహితుడి కొడుకు సైమన్ ఇంటికి వెళ్తే అక్కడ ఏదో పార్టీ జరుగుతుంటుంది, ఏంటయ్యా అంటే ఖగోళశాస్త్రం మీటింగ్ అంటాడు కుర్రాడు, పైన నిజంగానే టెలిస్కోప్ గది కూడా ఉంటుంది, కానీ అక్కడ అలమారాలో బుట్ట తీసి చూస్తే ఒక నల్ల కోడి, ఒక తెల్ల కోడి. నల్ల కోడి అనగానే మనకి ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా! డ్యూక్‌కి కూడా చెప్పక్కర్లేదు, నువ్వు చేతబడుల్లోకి పోవడం కంటే చచ్చిపోతే నయం అన్నట్టు మాట్లాడి కుర్రాడి మొహం మీద ఒక్కటి గుద్దుతాడు, ఇద్దరూ కలిసి అతన్ని అక్కడి నుంచి తీసుకుపోతారు. సినిమా మొదలై ఎంతోసేపు కాలేదు అప్పటికి. ఈ స్పీడు గురించి మాత్రం నాకు తెలిసి ఎవరికీ కంప్లైంట్ లేదు.

ఆ డ్యూక్ ఎవరంటే క్రిస్టఫర్ లీ. 1958లో డ్రాక్యులా వేసినాయన, హామర్ వాళ్ళు ఏళ్ళ తరబడి కోరలు పెట్టి వదిలినాయన, ఇక్కడ మంచివాడు. చూసినోళ్ళలో ఎక్కువమంది మొదట చెప్పే మాట ఇదే, లీని హీరోగా చూడటం ఎంత బాగుందో అని. లీకి కూడా ఇది బాగా ఇష్టమైన సినిమా, అసలు డెనిస్ వీట్లీ రాసిన 1934 నాటి నవలని తీయమని హామర్ వాళ్ళ వెంటపడినవాళ్ళలో ఆయనొకడు, వీట్లీ ఆయనకి ఫ్రెండ్. ఆ నవల్ని స్క్రిప్ట్‌గా రాసింది రిచర్డ్ మాథిసన్, అమెరికన్, చాలా శుభ్రంగా కోసి పెట్టాడు. హక్కులు ముందే కొనుక్కున్నా సైతాను పూజ అంటే సెన్సార్ వాళ్ళు ఏమంటారో అని కొన్నేళ్ళు పక్కన పెట్టారు, చివరికి 1967లో షూటింగ్ చేశారు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. సాలీడు.

సైమన్‌ని వెనక్కి లాక్కోవడానికి సైతాను గుంపు పంపే దయ్యాల నుంచి కాపాడుకోవాలి. రాత్రి, పెద్ద హాలు, నేల మీద సుద్దతో గీసిన రక్షణ వలయం, అందులో నలుగురు: డ్యూక్, సైమన్, ఆ ఇంటి యజమాని రిచర్డ్, అతని భార్య మేరీ. తెల్లారేవరకు గీత దాటకూడదు. ముందు దీపాలు డల్ అయిపోతాయి. తర్వాత బయట నుంచి రెక్స్ గొంతు వినబడుతుంది, తలుపు తీయమని. మన ఊళ్ళల్లో ఒకప్పుడు తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్నది ఎందుకు, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందనే కదా, కాబట్టి ఆ సీను మన తాతలకి చూపించినా వెంటనే ఎక్కేసేది. అంతవరకు ఊపిరి బిగపట్టి చూసినోళ్ళు ఆ తర్వాత పెద్ద సాలీడు రాగానే నవ్వేస్తారు. మామూలు టరాన్చులాని తీసుకొచ్చి పెద్దదిగా కనబడేలా సెట్‌లో అతికించారు, ఆ అతుకు తెలిసిపోతుంది, ఒకసారి చిన్నగా ఉన్నట్టు ఒకసారి పెద్దగా ఉన్నట్టు ఉంటుంది, నేల మీద ఆనుతున్నట్టే ఉండదు. ఆ తర్వాత నల్ల గుర్రం మీద మృత్యుదేవత వస్తుంది, అక్కడా అదే కథ. అసలు గ్రాఫిక్స్ పని సగంలో ఆగిపోయింది, డబ్బూ టైమూ చాల్లేదు. లీ గారే చివరివరకు అంటుండేవాడు, మంచి ఎఫెక్ట్స్‌తో దీన్ని మళ్ళీ తీస్తే బాగుండు అని.

సరే అని 2012లో బ్లూ-రే తెచ్చినప్పుడు కంప్యూటర్ మీద ఆ షాట్లకి మెరుగులు పెట్టారు. దాంతో జనం సంతోషించాలి కదా? లేదు, పెద్ద రభస. మా సినిమాని మీరెవరు ముట్టుకోవడానికి అని ఒక వర్గం, ఏం పోయింది పని పూర్తి చేశారు అంతేగా అని ఇంకో వర్గం. నేను రెండూ చూశాను. అతుకులు పోయాయి, నిజమే, కానీ భయం ఒక్క పిసరు కూడా పెరగలేదు. ఇక్కడే నాకు అనుమానం మొదలైంది, మనం ఇన్నాళ్ళూ సాలీడు బాలేదు సాలీడు బాలేదు అని తిడుతున్నాం గానీ ఈ సినిమాలో భయం అసలు సాలీడులో ఉందా అని.

ఉన్నది మొకాటాలో. విలన్ అతను, ఆ సైతాను గుంపు నాయకుడు, చార్ల్స్ గ్రే వేశాడు, తర్వాత 1971లో బాండ్ సినిమాలో బ్లోఫెల్డ్‌గా వచ్చినాయనే. వలయం సీనుకి ముందు పగటిపూట, సూటు వేసుకుని రిచర్డ్ ఇంటికొస్తాడు, ఇంట్లో మేరీ ఒక్కతే ఎదురొస్తుంది, చాలా మర్యాదగా కూర్చుంటాడు, మీవాళ్ళు నన్ను అపార్థం చేసుకున్నారండీ అనే టైపులో మెత్తగా మాట్లాడతాడు. మాట్లాడుతూనే ఉంటాడు. ఆవిడ కళ్ళు అలా నిలబడిపోతాయి, మనకి కూడా ఎక్కడ మొదలైందో తెలీదు, పై గదిలో సైమన్ కూడా అతని వశంలోకి పోతుంటాడు. అప్పుడు ఆవిడ కూతురు, చిన్నపిల్ల పెగ్గీ, గదిలోకి పరిగెత్తుకొస్తుంది, అంతే, మాయ తెగిపోతుంది. అతను ఏమీ జరగనట్టు లేచి, నేను మళ్ళీ రాను గానీ ఈ రాత్రి ఏదో ఒకటి మాత్రం వస్తుంది అన్నట్టు చెప్పి వెళ్ళిపోతాడు. ఎఫెక్ట్ లేదు, మేకప్ లేదు, మంట లేదు. ఈ సీనుకి నవ్వినవాడిని నేను ఇంతవరకు చూడలేదండీ. సినిమా మొత్తం చెత్త అనేవాళ్ళు కూడా ఈ ఒక్కటీ వదిలేసి తిడతారు.

దీనికి కారణం నాకు తోచింది చెప్తా. ఫిషర్ ఎక్కడా కన్ను కొట్టడు. ఇదంతా ఉత్తుత్తిదే అని ప్రేక్షకుడికి సైగ చేసే షాట్ ఒక్కటీ లేదు. లీ అయితే సుద్దగీత గీస్తున్నప్పుడు ఇంజక్షన్ ఇచ్చే డాక్టరు మొహం పెడతాడు, అంత సీరియస్. తన మాట మీద మొకాటాకి నమ్మకం, దేవుడి మీద డ్యూక్‌కి నమ్మకం, ఇద్దరు నమ్మినవాళ్ళ మధ్య మనం ఇరుక్కుంటాం. సాలీడు వచ్చినప్పుడు ఆ నమ్మకాన్ని చూపించాల్సింది మనుషులు కాదు బొమ్మ, అందుకే పట్టు జారిపోతుంది. వాళ్ళ మొహాలు మాత్రం చూడండి ఆ సీన్లో, సాలీడు వైపు చూడకండి, వేరే సినిమా కనబడుతుంది.

అలాగని అన్నిటికీ వకాల్తా పుచ్చుకోను. అడవిలో సబ్బాత్ సీను, సైతాను భక్తులు అర్ధరాత్రి తాగి తైతక్కలాడే సీను ఉంది చూశారా, ఒంటి మీద పొడుగు అంగీలు జారకుండా ఆడతారు, సెన్సార్ భయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఏదో క్లబ్బు యానివర్సరీలా ఉందని చాలామంది వెక్కిరించారు, కరెక్టే. అక్కడ ప్రత్యక్షమయ్యే మేకతల సైతాను ఎవరంటే ఎడ్డీ పావెల్, లీకి డూప్‌గా చేసే స్టంట్‌మ్యానే. రెక్స్ వేసిన లియాన్ గ్రీన్‌కి గొంతు వేరేవాళ్ళది, ప్యాట్రిక్ ఆలెన్ డబ్బింగ్ చెప్పాడు, ఆయన మేరీ వేసిన సారా లాసన్‌కి నిజజీవితంలో మొగుడు. డబ్బింగ్ అంటే మనకి అలవాటే గానీ అక్కడి జనానికి అది బాగా ఎబ్బెట్టుగా అనిపించింది.

ఇంకోటి, ఇది నవ్వుకుని వదిలేసేది కాదు. టెలిస్కోప్ గదిలో మొదటిసారి ప్రత్యక్షమయ్యే భూతం ఎవరు? ఒక నల్లజాతి మనిషి. కొమ్ముల్లేవు, ఏమీ లేదు, ఊరికే నిలబడి కళ్ళార్పకుండా చూస్తుంటాడు. ఈ కాలంలో చూసినోళ్ళు దీన్ని గట్టిగా పట్టుకున్నారు, మనిషి ఒంటిరంగే భూతం అయిపోయిందా అని. ఆ కాలం అలాంటిది అని కొందరు సర్దిచెప్తారు. నాకు ఆ సర్దుబాటు సరిపోదు, ఎందుకంటే వీట్లీ నవలలో ఆ పార్టీకి వచ్చిన చెడ్డవాళ్ళ లిస్టులో తలపాగా పెట్టిన లావుపాటి ఇండియన్ బాబు కూడా ఉన్నాడు. అంటే ఆ కథలో చెడు ఎప్పుడూ బయట దేశాల నుంచే ఇంగ్లీషు బంగళాల్లోకి వస్తుంది, మనం టికెట్ కొనుక్కుని కూర్చున్నది డ్యూక్ పక్కన, కథ ప్రకారం మన సీటు మాత్రం మొకాటా పక్కన.

అదే 1968లో అమెరికాలో రోజ్‌మేరీస్ బేబీ వచ్చింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి, అది మోడ్రన్, ఇది ముసలిది అనేవాళ్ళు చాలామంది. ఒప్పుకుంటా. అందులో సైతాను భక్తులు పక్క ఫ్లాట్ ముసలివాళ్ళు, మొగుడే అమ్మేస్తాడు, కాపాడటానికి ఏ డ్యూకూ రాడు, చెడే గెలుస్తుంది. హామర్ వాళ్ళు కూడా తర్వాత ఆ దారి పట్టారు, 1976లో వీట్లీదే ఇంకో నవల, టు ద డెవిల్ ఎ డాటర్, తీశారు, ఈసారి లీ సైతాను వైపు, చర్చి వెలివేసిన మాజీ ఫాదరీ వేషం. మొదటిది చూసి మురిసిపోయిన వీట్లీకి ఇది అసహ్యం వేసింది.

ఇక క్లైమాక్స్. సినిమా చివర కాలం వెనక్కి తిరుగుతుంది, చచ్చిపోయిన టానిత్, అంటే మొకాటా గుంపులో చిక్కుకున్న, రెక్స్ ప్రేమించిన అమ్మాయి, బతుకుతుంది, అంతా శుభం. మోసం, చీటింగ్, అంత కష్టపడి చివరికి కల అన్నట్టు చేశారు అని తిట్టేవాళ్ళు ఈ హాల్లో కూడా ఉంటారు. నేను ఒప్పుకోను. డ్యూక్ ముందే చెప్తాడు, మృత్యుదేవతని ఒకసారి పిలిస్తే ఒట్టి చేతులతో వెనక్కి పోదు అని. మొదట వలయంలో ఉన్నవాళ్ళు తప్పించుకున్నారు, టానిత్ పోయింది. కాలం తిరిగాక టానిత్ వచ్చింది, మరి వచ్చిన మృత్యుదేవతకి ఎవరో ఒకరు కావాలి కదా, పిలిచినవాడే దొరికాడు, మొకాటా. లెక్క తేలింది. దీనికి ఒప్పుకోనివాళ్ళు చేతులెత్తండి, మైకు అటు పంపిస్తాను.