సినిమా కుక్క వేరు, పనిచేసే కుక్క వేరు: పశువైద్యుడితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. మొదటి కాల్ హన్మకొండ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా బాబు సినిమాలో చూసి బెల్జియన్ మాలినాయిస్ జాతి కుక్క కావాలని ఒకటే పట్టు. తెచ్చి ఆరు నెలలైంది. మాది రెండో అంతస్తు సార్. సోఫా చింపింది, తలుపు కొరికింది, బాబు ఉరికితే వెంటపడి మడమలు పట్టుకుంటుంది. మా ఆయనకు రోజూ టెన్షన్. సినిమాలో చెప్పినట్టు వింటుంది కదా, ఇదెందుకు వినదు?

డాక్టర్: అమ్మా, సినిమా చూసి కుక్కను కొనొద్దు. తెర మీది పనంతా ముక్కలు ముక్కలుగా తీసిందే. కెమెరా వెనక ట్రైనర్ చెయ్యి ఊపుతుంటాడు, జేబులో తినుబండారం ఉంటుంది. ఒకే పాత్రకు రెండు మూడు కుక్కలను కూడా వాడతారు. 1943 నాటి ఇంగ్లిష్ సినిమాలో లాసీ అనే ఆడకుక్క వేషం కట్టింది పాల్ అనే మగకుక్క. మాలినాయిస్ గొర్రెలు కాసిన జాతి. మీ బాబు ఉరికితే, మంద నుంచి తప్పిపోయిన గొర్రెను మళ్లించినట్టు మళ్లిస్తోంది.

కాలర్: అంటే ట్రైనింగ్‌కు పంపితే సినిమాలో లాగా అవుతుందా సార్?

డాక్టర్: మళ్లీ సినిమానేనా అమ్మా! పోలీసు కుక్కకు నెలల తరబడి శిక్షణ ఉంటుంది, దాన్ని నడిపించే పోలీసు, అంటే హ్యాండ్లర్‌కూ ఉంటుంది. మందుపాతర వాసన తగిలితే అది మొరగదు, కాలితో గీకదు, చప్పుడు లేకుండా కూర్చుంటుంది. కదిలిస్తే పేలుతుంది కాబట్టి. సినిమాలో మాత్రం మొరుగుతుంది, చూసేవాళ్లకు తెలియాలి కదా. మీ కుక్కకు పని కావాలి. తిండి గిన్నెలో పెట్టకండి, పాత గుడ్డల్లో చుట్టి ఇల్లంతా దాచండి, ముక్కుతో వెతుక్కోనివ్వండి. ఎండ ఎక్కకముందే గంటసేపు తిప్పండి. ముందు అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. బాబును కుక్క దగ్గర ఒంటరిగా వదలొద్దు.

యాంకర్: థాంక్యూ అమ్మా. కరీంనగర్ నుంచి...

కాలర్: సార్, షూటింగుల్లో జంతువులను కొడతారా?

డాక్టర్: కొట్టకూడదు. 2001 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం సినిమాలో వాడే జంతువులకు ముందుగా రిజిస్ట్రేషన్ కావాలి, హింస కుదరదు...

యాంకర్: లైన్ కట్ అయింది. పరకాల నుంచి చివరి కాల్.

కాలర్: గొర్రెల కాపరిని సార్. నాది నాటు కుక్క. రాత్రంతా మంద చుట్టూ తిరుగుతుంది. రెండు రోజులుగా ముందరి కాలు ఎత్తి నడుస్తోంది.

డాక్టర్: అదీ అసలు పని కుక్క! తమ్ముడూ, దాని వేళ్ల సందుల్లో వెంట్రుకలు విడదీసి చూడు. పల్లేరు కాయ ఇరుక్కుని ఉండొచ్చు. మెల్లగా తీసి, ఉప్పునీళ్లతో కడుగు. రేబిస్ టీకా వేయించావా?

కాలర్: లేదు సార్.

డాక్టర్: అయితే రేపు మందను తోలే ముందే పశువుల దవాఖానకు తీసుకుపో. ఆలస్యం చేయకు.

యాంకర్: సమయం అయిపోయింది. ధన్యవాదాలు డాక్టర్ గారూ.