జక్కయ్య లెక్క

శ్రోతలకు నమస్కారం.

సికింద్రాబాద్‌లో మేం వెళ్లే చర్చిలో మొన్న వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో నడిపే బైబిల్ బడి) పిల్లలు జక్కయ్య నాటిక వేశారు. పన్నులు వసూలు చేసి డబ్బు గడించిన పొట్టివాడు జక్కయ్య, యేసును చూడాలని చెట్టెక్కిన బైబిల్ కథ అది. జక్కయ్య వేషం కట్టిన పిల్లాడు స్టూలు మీదికెక్కాడు. అదే మేడిచెట్టు. యేసు పిలిచాడు, వాడు దిగాడు, అందరం చప్పట్లు కొట్టాం. నాటిక అయిపోయింది. అసలు మాట మాత్రం మిగిలిపోయింది. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్న తర్వాతే, ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నాడు. లూకా సువార్త 19వ అధ్యాయంలో వరుస అదే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 1701లో లండన్‌లో ఒక సువార్త సంఘం పుట్టింది. పేరు సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్, మనవాళ్లు ఎస్.పి.జి. మిషన్ అంటారు. నంద్యాల వైపు పనిచేసింది వీళ్లే. వాళ్ల బడుల్లో అక్షరాలు దిద్దిన కుటుంబాలు ఇవాళ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఆ మేలు నేను కాదనను. కానీ అదే సంఘానికి 1710లో ఒక వీలునామా వల్ల బార్బడోస్ దీవిలో చెరకు తోటలు దక్కాయి. తోటలతోపాటు బానిసలు కూడా. ఎర్రగా కాల్చిన ఇనుముతో వాళ్ల రొమ్ము మీద ఒక మాట వాత పెట్టేవారు. ఆ మాట ‘సొసైటీ’. సువార్త చెప్పే సంఘం పేరు, మనిషి చర్మం మీద! ఇది చదివిన పూట నాకు అన్నం సహించలేదు.

బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లో బ్రిటన్ చట్టం చేసింది. పరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఎవరికనుకున్నారు? యజమానులకు. ఈ సంఘానికీ 8 వేల పౌండ్లకు పైగా ముట్టింది. వాతలు పడ్డవాళ్లకు చిల్లిగవ్వ రాలేదు. యజమానులకిచ్చిన ఆ పరిహారం కోసం చేసిన అప్పు బ్రిటన్ ప్రజల పన్నుల నుంచి 2015లో గానీ తీరలేదు.

ఎప్పుడో తాతలు చేసినదానికి ఇప్పటివాళ్లెందుకు కట్టాలని అడుగుతారు. తాత పొలం పంచుకున్నవాడు తాత అప్పు నాది కాదంటే మన ఊళ్లో పెద్దమనుషులు ఒప్పుకుంటారా? తోటల రాబడి తిన్న సంఘం పేరు కాస్త మార్చుకుని ఇంకా బతికే ఉంది. 2023లో అది బార్బడోస్‌లో ఆ తోటల బానిసల వారసుల కోసం 70 లక్షల పౌండ్ల పని మొదలుపెడతామని ప్రకటించింది. అదే ఏడు ఇంగ్లండ్ చర్చి కూడా బానిస వ్యాపారంతో తన పాత సంబంధాలకు బదులుగా 10 కోట్ల పౌండ్ల నిధి పెడతామంది. నాలుగంతల మాట అటుంచండి, ఒకంతకైనా సరిపోతుందని నేననుకోను. అయినా పాత పద్దు పుస్తకాలు తెరిచారు. క్షమించండి అని ప్రార్థన చేసి లేచిపోవడం కంటే అది చాలా కష్టమైన పని.

మన చర్చి సంఘాల్లో ఎవరు పద్దు తెరవాలి? ప్రభు భోజనంలో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, సమాధుల తోటకు వచ్చేసరికి కులం చూసే చోట్లు మనకూ ఉన్నాయి. పెళ్లి సంబంధాల సంగతి మీకే తెలుసు.

వచ్చే వేసవిలో జక్కయ్య నాలుగంతలు తిరిగిచ్చే రెండో సీను కూడా వేయించమని సండేస్కూల్ టీచరమ్మను అడిగాను. టైమ్ చాలదండీ అన్నారు. పెద్దల ప్రసంగాల్లో నాదో పది నిమిషాలుంటుంది, అది పిల్లలకే ఇచ్చేయండి అన్నాను. జక్కయ్య చేతికి ఒక పద్దు పుస్తకం కావాలి. అది నేనే కుట్టి ఇస్తాను.