పురిటి స్నానం

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు వందనాలు.

విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల గురించి మాట్లాడమంటే మనం సింహాలతో మొదలుపెడతాం. సింహాలు, మంటలు, కత్తులు, వాటి మధ్య చిరునవ్వు చెదరని ఒక తెల్లబట్టల బొమ్మ. ఆదివారపు బడిలో నేనూ అలాగే చెప్పేదాన్ని. ఇవాళ చనుబాల దగ్గర మొదలుపెడతాను. ఇక్కడున్నది ఆడవాళ్లమే కదా, సిగ్గేముంది!

క్రీ.శ. 203. రోము చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కాలం. ఊరు కార్తేజ్, ఇప్పటి ట్యునీషియాలో ట్యూనిస్ పక్కనే ఉంది. అక్కడ అయిదుగురు కొత్త క్రైస్తవ విశ్వాసుల్ని పట్టుకున్నారు. అప్పటికి వాళ్లకు బాప్తిస్మం కూడా కాలేదు, కాపలాలో ఉండగానే తీసుకున్నారు. అందులో పెర్పెతువాకు ఇరవై రెండేళ్లు. పెద్దింటి పిల్ల, చదువుకున్నది, చంకలో పాలు తాగే కొడుకు. ఫెలిసితా బానిస, కడుపుతో ఉంది.

పెర్పెతువా జైల్లో కూర్చుని తన సంగతి తానే రాసుకుంది. లాటిన్‌లో ఆ రాత ఈ రోజుకీ ఉంది. మొదటి రోజు గురించి ఆమె ఏం రాసిందంటే, భయపడ్డాను, అంత చీకటి నేనెన్నడూ ఎరగను అని. ఉక్కపోత, జనం తొక్కిడి, సిపాయిల దౌర్జన్యం. వాటన్నిటికన్నా బిడ్డ మీద బెంగ. ఇద్దరు సంఘ పరిచారకులు సిపాయిల చేతులు తడిపితే, వాళ్లను కొన్ని గంటలపాటు కాస్త గాలాడే చోటికి మార్చారు. అవును, లంచమే! దాచాల్సిన పని లేదు, ఆమే దాచలేదు. ఆకలికి సోలిపోయిన బిడ్డకు అక్కడ పాలిచ్చింది. తర్వాత బిడ్డను తన దగ్గరే ఉంచుకోనిచ్చారు. అప్పుడు ఆ జైలే తనకు రాజభవనం అయిందని రాసింది.

నన్నడిగితే, ఆమెకు మృగాల కన్నా పెద్ద పరీక్ష వాళ్ల నాన్న. ఆయన క్రైస్తవుడు కాడు. మొదట కోపంగా వచ్చాడు. పెర్పెతువా అక్కడున్న కూజా చూపించి, "నాన్నా, దీన్ని ఇంకో పేరుతో పిలవగలమా?" అంది. లేదన్నాడు. "నేనూ అంతే, క్రైస్తవురాలిని కాక ఇంకేమీ అనలేను." కళ్లు పీకేస్తాడా అన్నట్టు మీదికొచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు మనిషి కుంగిపోయి ఉన్నాడు. నా నెరిసిన తల చూసి జాలిపడు, మీ అమ్మను చూడు, నువ్వు లేకపోతే బతకని నీ కొడుకును చూడు అని చేతులు ముద్దుపెట్టుకుని కాళ్ల మీద పడ్డాడు. కూతురా అనడం మానేసి ఇంకో మాటతో పిలిచాడు. దాన్ని తెలుగులో చెప్పడం కష్టం. మన ఇళ్లలో నాన్న కూతుర్ని "అమ్మా" అనడం మామూలే, అందులో ప్రేమ తప్ప ఏమీ లేదు. ఆయన వాడింది "డొమినా" అన్న మాట. బానిసలు యజమానురాలిని పిలిచే పిలుపు. దొరసానీ అన్నట్టు. కన్నతండ్రి నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమె మనసు రాయి కాదు. ఆయన ముసలితనం చూసి దుఃఖపడ్డానని తానే రాసుకుంది.

విచారణ చేసింది హిలారియానుస్ అనే అధికారి. చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించు, చాలు అన్నాడు. అర్పించను అంది. క్రైస్తవురాలివా? అవును. అంతే, మృగాలకు వేయమని తీర్పు. అక్కడికీ బతిమాలడానికి వచ్చిన తండ్రిని బెత్తంతో కొట్టించాడు. ఆ దెబ్బ నా మీద పడినట్టే ఉంది అని రాసింది. ఆ తర్వాత నాన్న బిడ్డను మళ్లీ ఆమె దగ్గరికి పంపలేదు. అయితే బిడ్డ పాలడగడం మానేశాడట, తనకు రొమ్ములూ సలపలేదట. దేవుడు చేసిన మేలుగా ఈ సంగతి ప్రత్యేకంగా రాసుకుంది. పాలు గడ్డకట్టి జ్వరం తెచ్చుకున్నవాళ్లకు ఆ వాక్యం విలువ తెలుస్తుంది. మగ ప్రసంగీకులు దాన్ని చటుక్కున దాటేస్తారు.

ఇక ఫెలిసితా. ఆమె ఏమీ రాయలేదు. ఆమె కోసం ఏ నాన్నా వచ్చినట్టు రాతలో లేదు, భర్త ఊసు లేదు. ఎనిమిదో నెల. గర్భిణికి మరణశిక్ష అమలు చేయకూడదని రోమా చట్టం. తోటివాళ్లు వెళ్లిపోయాక తనను ఎవరో హంతకులతో కలిపి చంపుతారేమోనని ఆమె దిగులు. అందరూ కలిసి ప్రార్థించారు. వెంటనే నొప్పులొచ్చాయి. ఎనిమిదో నెల కాన్పు కష్టం అని మన ముసలమ్మలు అంటారే, ఆ రాతలోనూ అదే మాట ఉంది. మూలుగుతుంటే ఒక జైలు నౌకరు ఎగతాళి చేశాడు: ఇప్పుడే ఇలా ఏడుస్తున్నావు, మృగాల ముందు ఏం చేస్తావు అని. "ఇప్పుడు పడేది నేనే పడుతున్నాను. అప్పుడు నాలో ఇంకొకరుంటారు, నా బదులు ఆయన పడతాడు, నేను ఆయన కోసం పడుతున్నాను కాబట్టి." నొప్పుల మధ్య అన్న మాట ఇది. తీరిగ్గా కూర్చుని అల్లింది కాదు.

మార్చి 7. చక్రవర్తి కొడుకు గేటా పుట్టినరోజు క్రీడలు. ఆడవాళ్లు కాబట్టి వాళ్ల మీదికి మదించిన ఆవును ఎంచారు. బట్టలు విప్పించి వలలు చుట్టి తీసుకొచ్చారు. ఒకామె సుకుమారి, ఇంకొకామె పచ్చి బాలింత, రొమ్ముల నుంచి పాలు కారుతున్నాయి. అది చూసి, చావును వినోదంగా చూడటానికి వచ్చిన ఆ జనమే ఒళ్లు జలదరించిపోయారు. వెనక్కి తీసుకెళ్లి బట్టలు కట్టించి మళ్లీ తెచ్చారు. పురిటి నెత్తుటి నుంచి ఈ నెత్తుటికి వచ్చింది, మంత్రసాని దగ్గర నుంచి కత్తివీరుడి దగ్గరికి వచ్చింది, ఇది ఆమెకు కాన్పు తర్వాతి స్నానం అని ఆ రోజు సంగతి రాసినాయన అన్నాడు. మన మాటల్లో పురిటి స్నానం.

ఆవు కుమ్మితే పెర్పెతువా ఎగిరి పడింది. లేచి, చిరిగిన బట్టను తొడ మీదికి లాక్కుంది. పిన్ను తీసుకుని జుట్టు ముడేసుకుంది. విరబోసుకుంటే ఏడుస్తున్నదనుకుంటారని. అప్పుడు నేల మీద నలిగిపోయి ఉన్న ఫెలిసితాను చూసి, దగ్గరికెళ్లి చెయ్యిచ్చి లేపింది. పెద్దింటి కూతురు, బానిస పిల్ల, ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. చివరికి కత్తి. కొత్త కుర్రాడు, చెయ్యి వణికి ఎముకకు తగిలింది. పెర్పెతువా అరిచింది. ఆ అరుపునూ దాచకుండా రాశారు. తర్వాత ఆ వణికే చేతిని తానే తన గొంతు మీదికి తెచ్చుకుంది.

ఫెలిసితాకు పుట్టింది ఆడపిల్ల. సంఘంలోని ఒక సహోదరి ఆ పిల్లను ఇంటికి తీసుకెళ్లి తన కూతురిగా పెంచుకుంది. శిక్షపడిన బానిస బిడ్డ, అదీ ఆ ఊళ్లో, ఆ రోజుల్లో. ఆ సహోదరి పేరు అక్కడ రాయలేదు.